అక్క బండికి చేతిబ్రేకు

మా వీధిలో నన్ను కుందేలు మేస్త్రి అంటారు. పరుగెత్తుతానని కాదు, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకాన్ని గనక. నేను బాగుచేసిన బండి మళ్లీ అదే రోగంతో వెనక్కి వస్తే, తప్పు నడిపినవాడిదేనని బండి దిగకముందే తేల్చేస్తాను. దానికి తోడు ఒక నియమం పెట్టుకున్నాను. పని నాకు నచ్చేదాకా బండిని గేటు దాటనివ్వను. యజమాని బతిమాలినా సరే, తిట్టిపోసినా సరే. ఆ నియమం గురించి చాలా ఏళ్లు గొప్పగా చెప్పుకు తిరిగాను. ఇప్పుడు దాని మాటెత్తితే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మా అక్క కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. దానికి కొట్టూ లేదు, బోర్డూ లేదు. పనిముట్ల పెట్టె వేసుకుని ఇళ్లకీ, దర్జీ కొట్లకీ తనే వెళ్తుంది. అసలు పేరు చెబితే ఎవరికీ తెలియదు, మిషన్ డాక్టరమ్మ అంటే అందరికీ తెలుసు. నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పింది కూడా ఆవిడే. బావ పోయాక మా ఇంటి వెనక గదిలోకి వచ్చేసింది. వచ్చిందన్న మాటేగాని, పొద్దున ఎనిమిదింటికి బయటపడితే మళ్లీ సాయంత్రానికే. ఇంట్లో కూర్చోమంటే ఆవిడకి జ్వరం వచ్చినంత పని.

రెండేళ్ల కిందట అక్క కాళ్లలో బలం తగ్గడం మొదలైంది. బండి ఆపినప్పుడు కాలు కిందపెట్టి నిలబడలేక రెండుసార్లు పడిపోయింది. నేను ఆవిడ మోటారుసైకిలు వెనక చక్రం తీసేసి, ఇరుసు వేసి రెండు చక్రాలు పెట్టాను. ఆ రెండింటి మధ్య పనిముట్ల పెట్టె సరిగ్గా ఇమిడింది. అక్క ఆ మూడు చక్రాల బండి మీద మునుపటికంటే ఎక్కువే తిరిగింది.

ఒకరోజు పొద్దున్నే ఆ బండి తిన్నగా వచ్చి మా షెడ్డు గోడకి గుద్దుకుంది. పెద్ద దెబ్బేం కాదు. అక్క మాత్రం సీటు మీద నుంచి దిగకుండా కుడికాలి వంకే చూస్తూ కూర్చుంది.

"బ్రేకు తొక్కాననే అనుకున్నాను రా. కాలు తొక్కలేదు," అంది.

"మరి ఇప్పుడెలా?"

"ముందు చక్రం బ్రేకొక్కటే చాలదు. ఇది క్లచ్ లేని బండి కదా. ఎడమచెయ్యి ఊరికే కూర్చుని తింటోంది. దానికో పని పెట్టు. చేత్తో పట్టే బ్రేకు చేసిపెట్టు."

"డాక్టరేమన్నాడు?"

"బలానికి మందులిచ్చాడులే. నువ్వు ముందు బ్రేకు సంగతి చూడు."

డాక్టరు చెప్పినదంతా ఆవిడ చెప్పలేదు. నేను గుచ్చి గుచ్చి అడగనూ లేదు. నా బుర్ర అప్పటికే లీవరు మీదికి పోయింది.

పాత సామాన్లలోంచి ఒక లీవరు తీసి ఎడమ హ్యాండిల్‌కి బిగించాను. దాని నుంచి కేబుల్ కిందికి లాగాను. వెనక రెండు చక్రాలూ సమానంగా ఆగాలి, లేకపోతే బండి ఒక పక్కకి తిరిగిపోతుంది. అందుకని సీటు కింద తక్కెడ దండెలా ఒక ఇనుపకడ్డీ అడ్డంగా పెట్టి, దాని నడుముకి కేబుల్ కట్టి, రెండు కొసలకీ రెండు చక్రాల బ్రేకులు తగిలించాను. వారంలో పని పూర్తయింది.

అక్క వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చి, సరిగ్గా గేటు ముందు ఆపింది. ఆ ముఖం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. కొత్త సైకిలు కొనిపెట్టిన పిల్లలా నవ్వుతోంది.

"చాలు రా, ఇచ్చెయ్. నలుగురు దర్జీలు నా కోసం కాచుకుని కూర్చున్నారు," అంది.

నేను ఊరుకుంటేనా? బజారు వెనక ఏటవాలు రోడ్డు ఉంది, అక్కడ చూడాలన్నాను. అక్కడ ఆవిడ బ్రేకు పట్టింది. బండి ఆగింది, ఆగాక ఒక జానెడు కిందికి జారింది.

"జానెడేగా," అంది అక్క.

"ఆ జానెడు చాలు, నా పరువు తియ్యడానికి."

"ఈ ఏటవాలు వైపు నేను రానులే. చదును వీధుల్లోనే తిరుగుతాను. ఇచ్చెయ్ రా, నీకు పుణ్యం ఉంటుంది."

పని నాకు నచ్చలేదని చెప్పి, ఆవిడ ఇంకా సీటు మీద ఉండగానే కేబుల్ ఊడదీశాను. బండిని షెడ్డుదాకా నేనే తోసుకొచ్చాను. దారి పొడవునా అక్క సీటు మీద కూర్చుని ఊడిన కేబుల్ వంకే చూస్తూ వచ్చింది. అలిగిందనుకున్నాను.

తర్వాత స్ప్రింగు కాటా ఒకటి తెచ్చాను. లీవరు కొసకి కొక్కెం తగిలించి లాగితే ఎన్ని కిలోల బలం పడుతోందో చూపిస్తుంది. ఆ ఏటవాలు మీద బండి కదలకుండా నిలవాలంటే ఎనిమిది కిలోలు లాగాలి. అక్క లాగింది ఏడు. షెడ్డు రేకు తలుపు మీద సుద్దముక్కతో రాసుకున్నాను. లీవరు పొడుగు పెంచితే తక్కువ బలం సరిపోతుంది కదా అని కొత్త లీవరు మొదలుపెట్టాను. కోసి, వంచి, ఆకురాయితో అంచులు నున్నగా అరగదీసి, వేళ్లు జారకుండా గాట్లు పెట్టేసరికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు ఆరు కిలోలు చాలు. అక్కని పిలిచి లాగమన్నాను. అయిదున్నర లాగింది.

కేబుల్ తుప్పు పట్టిందన్నాను. లోపల ప్లాస్టిక్ తొడుగున్న కేబుల్ తెప్పించి, బ్రేకు షూలు మార్చాను. నాలుగున్నర కిలోలకే ఆగేలా చేశాను. ఆవిడ నాలుగు లాగింది. ఇక చేతివేళ్లతో పని లేకుండా, సీటు పక్కన నిలువుగా పొడుగాటి లీవరు పాతాను, మోచెయ్యి వెనక్కి వాల్చితే చాలు. మూడు కిలోలకే చక్రాలు బిగుసుకుపోతున్నాయి. అలాంటి బ్రేకు నేను జన్మలో చెయ్యలేదు. అక్క రెండు చేతులతో పట్టుకుని లాగింది. కాటాలో ముల్లు రెండు దాటింది గాని మూడుకి చేరలేదు.

ప్రతిసారీ కొద్దిలో తప్పిపోతోందని నాకు కసి పెరిగిపోయింది. ఇనుము మీద అరిచాను, స్ప్రింగులమ్మినవాణ్ణి తిట్టాను. అన్నం ముందు కూర్చుని కూడా లీవరు లెక్కలే. ఒకరోజు మధ్యాహ్నం మా ఆవిడ వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగిపోయింది.

"మీరు వదిన చేతుల వంక ఒక్కసారైనా చూశారా?" అంది.

"చూడకేం? రోజూ లాగిస్తున్నానుగా."

"లాగిస్తున్నారు, చూడట్లేదు. నెల రోజులుగా వదినకి జడ నేనే వేస్తున్నాను. జాకెట్టు హుక్కులు నేనే పెడుతున్నాను. మందు సీసా మూత తియ్యాలన్నా నన్నే పిలుస్తోంది. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

నేను మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను. ఆడవాళ్లకి మెకానిజం ఏం తెలుసన్నాను. నాకు మెకానిజం నేర్పింది ఒక ఆడమనిషేనన్న సంగతి కూడా ఆ క్షణాన గుర్తుకు రాలేదు. కాటాయే తప్పు చూపిస్తోందని లేచి షెడ్డుకి వెళ్లాను. పాత ఇనుపకొట్లో తూకం వేయించిన అయిదు కిలోల దిమ్మ ఒకటి ఉంది. దాన్ని కాటాకి వేలాడదీశాను. ముల్లు సరిగ్గా అయిదు మీద నిలబడింది, వెంట్రుకవాసి తేడా లేదు.

అప్పుడు రేకు తలుపు మీద నా రాత చూసుకున్నాను. ఏడు, అయిదున్నర, నాలుగు, రెండు చిల్లర. ఇన్నాళ్లూ అవి బ్రేకు అంకెలనుకున్నాను. అవి మా అక్కవి. వారం వారం ఆవిడ చేతుల్లోంచి బలం పోతుంటే, దగ్గర నిలబడి తారీఖులతో సహా రాసుకున్నవాణ్ణి నేను.

అక్క తన గది గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్లో ఎవరిదో కుట్టుమిషన్ తల. చిన్న మర ఒకటి తిప్పబోతుంటే స్క్రూడ్రైవరు జారి కిందపడింది. తియ్యబోయింది, మళ్లీ జారింది. నన్ను చూసి ఆ చేతిని కొంగు కిందికి లాక్కుంది.

"డాక్టరు అసలేమన్నాడు?" అన్నాను.

"ముందు కాళ్లు, తర్వాత చేతులు, ఆ తర్వాత మిగతావి అన్నాడు. దీనికి మందు లేదు, ఇంటికి పొమ్మన్నాడు."

"మరి నన్ను బ్రేకెందుకు చెయ్యమన్నావు?"

"చేతులకి ఇంకో మూడు నెలల దాకా ఢోకా లేదన్నాడు. ఆ మూడు నెలలైనా తిరుగుదామనుకున్నాను."

ఆ మూడు నెలల్లో రెండున్నర నెలలు బండి నా షెడ్డులోనే ఉంది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. దానికి బదులు, ఇంకో మార్గం ఉందన్నాను. చిన్న కరెంటు మోటారు పెడదాం, మీట నొక్కితే అదే బ్రేకు లాగుతుంది, తప్పంతా నా లీవరుదే అన్నాను.

అక్క నవ్వింది. "ఆడలేక మద్దెల ఓడంటారని విన్నాను. ఇక్కడ ఆడలేనిది నేను, మద్దెల ఓడంటున్నది నువ్వు."

"అది కాదక్కా, వారం రోజులియ్యి."

"యాక్సిలరేటరు కూడా తిప్పలేకపోతున్నాను రా. దానికో మోటారు పెడతావా? రేపు హ్యాండిలు తిప్పలేను, దానికేం పెడతావు? ఎల్లుండి కూర్చోలేను. నీ దగ్గర ఎన్ని లీవర్లున్నాయి?"

నాకు ఏడుపొచ్చింది. అక్క ముందు ఏడ్చి చాలా ఏళ్లయింది. ఆవిడ ఓదార్చలేదు, కిందపడ్డ స్క్రూడ్రైవరు నన్నే తీసి ఆ మర తిప్పమంది. ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో చెబుతూ ఉంటే తిప్పాను.

తర్వాతి వారం నాకు చెప్పకుండానే అక్క బండికి బేరం కుదిర్చింది. కొనడానికి వచ్చింది తాళాలు బాగుచేసే మనిషి. ఒక కాలు మోకాలిదాకా లేదు, చంకలో కర్ర. చేతులు మాత్రం కమ్మరి చేతుల్లా ఉన్నాయి. నేను అతనికి బ్రేకు ఇంకా కుదరలేదని చెప్పాను. ఏటవాలు మీద జారుతుందేమోనన్నాను. నా పని బాగాలేదని నా అంతట నేను ఒక మనిషికి చెప్పడం అదే మొదలు. అది నిజమైతే బాగుండునని కూడా అనుకున్నాను. బ్రేకు చెడ్డదైతే అక్క చేతులు మంచివే అవుతాయి కదా.

బజారు వెనక ఏటవాలుకి వెళ్లాం. అక్క నా బండి మీద వెనక కూర్చుని నా నడుం చుట్టూ చేతులు వేసుకుంది, మా ఆవిడ ఆ చేతులు జారిపోకుండా ముందు తువ్వాలుతో కట్టింది. తాళాలాయన పైనుంచి కిందికి వేగంగా వచ్చాడు. సగం దారిలో సీటు పక్కనున్న లీవరుని రెండు వేళ్లతో, కిటికీ గడియ లాగినంత తేలిగ్గా వెనక్కి లాగాడు. బండి ఉన్నచోట నిలబడిపోయింది. వేలెడు కూడా జారలేదు.

"ఇలాంటి బ్రేకు ఎక్కడా చూడలేదు మేస్త్రీ. మీ చెయ్యి బంగారం," అన్నాడు.

పొగడ్తలంటే చెవి కోసుకునేవాణ్ణి. ఆ మాట మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. అక్క అతన్ని దగ్గరికి పిలిచి, వానలో అయితే కాస్త ముందే పట్టమనీ, పెట్టె మూత కింద గ్రీజు రాయమనీ చెప్పింది. అతను వెళ్లిపోతుంటే మలుపు దాటేదాకా బండి వెనక చక్రాల వంకే చూసింది.

ఇంటికొచ్చి అక్కని మంచం మీద కూర్చోబెట్టానో లేదో ఆవిడ ఫోను మోగింది. ఆవిడ వేళ్లకి మీట అందడం లేదు. నేను తీశాను. బడి యూనిఫారాలు కుట్టే దర్జీ ఆవిడ. దారం తెగిపోతోంది, పని ఆగిపోయింది, డాక్టరమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతోంది. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి అక్కకి చెప్పాను.

"ఇక రానని చెప్పు," అంది. "చేతుల మాట ఎత్తకు. నా పేరు చెప్పుకుని జాలిపడతారు, అది నేను పడలేను. బండికి బ్రేకు కుదర్లేదని చెప్పు."

నేను అదే చెప్పాను.

"రెండు నెలలుగా అదే మాట వింటున్నాం," అంది ఫోనులో ఆవిడ కోపంగా. "ఎవరండీ ఆ మెకానిక్కు?"

"నేనేనండీ."

"ఆవిడ చేతిలో పడితే ఎంత పాత మిషనైనా గంటలో లేచి కూర్చునేది. ఒక్క బ్రేకు వేళకి చేసివ్వడం మీకు చేతకాలేదా?"

"చేతకాలేదండీ," అన్నాను. "తప్పు నాదే. వారంలో అయ్యే పనిని చేజేతులా పాడుచేశాను. నా వల్లే ఆవిడ రాలేకపోతోంది."

అక్క ఎదురుగా కూర్చుని వింటోంది. తన కోసం నేను ఇంత అందంగా అబద్ధమాడుతున్నాననుకుని, బాగుందన్నట్టు తల ఊపింది.