కుళాయి తిప్పకముందే

కాలేజీ ల్యాబు బయట వరండాలో బల్ల మీద అటెండరు కూర్చున్నాడు. ఆ కాలేజీ అటెండరు కాదు, ఊళ్ళో ఇంటరు దాకా ఉన్న హైస్కూలు అటెండరు. పందొమ్మిదేళ్ళుగా అక్కడ గంట కొట్టేదీ, గదులు ఊడ్చేదీ, ల్యాబు తాళంచెవి జేబులో వేసుకుని తిరిగేదీ అతనే. ఇవాళ సెలవు పెట్టి కూతుర్ని తీసుకొచ్చాడు.

కూతురికి మందుల తయారీ చదువులో సీటొచ్చింది. వచ్చిందన్నమాటే గానీ ఇంకా చేతికి చిక్కలేదు. మొదటిరోజు ల్యాబులో ఒక చిన్న పని చేసి చూపించాలి. చేస్తే సీటుంటుంది. లేకపోతే లిస్టులో వెనకున్నవాళ్ళకి పోతుంది.

అటెండరుకి దిగులేం లేదు. ప్రాక్టికల్స్‌లో యాభైకి యాభై తెచ్చుకున్న పిల్ల. ఆ మార్కుల కాగితం బడి గోడకి అంటించింది తనే. నాలుగు మూలలా జిగురు పూసి, ఊడకుండా అరచేత్తో రుద్ది మరీ అంటించాడు.

పక్కన ఒక టైలరు కూర్చున్నాడు. అతని కొడుకూ లోపలే ఉన్నాడు.

"మీవాడికి ప్రాక్టికల్స్‌లో ఎన్ని?" అనడిగాడు అటెండరు.

"ముప్ఫై ఎనిమిది."

"పర్లేదులే. మా బళ్ళో అందరికీ యాభయ్యే."

"అందరికీనా?"

"ముప్ఫై ఒక్కమందికీ."

టైలరు అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు. "మీ బడి బోరునీళ్ళు రెండు బిందెలు మా ఇంటికి పంపించవయ్యా బాబూ!"

అటెండరు నవ్వాడు. ఎప్పుడో గానీ నవ్వని మనిషి. లేచి కిటికీలోంచి తొంగిచూశాడు.

లోపల పిల్లలంతా పనిలో ఉన్నారు. ప్రతివాళ్ళ ముందూ స్టాండు, దానికి నిలువుగా పొడుగాటి గాజు గొట్టం, గొట్టం అడుగున చిన్న కుళాయి. ఒకడు మందు పోస్తున్నాడు. ఒకతి కుళాయి తిప్పి చుక్కలు వదులుతోంది. తన కూతురు మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది. కాసేపటికి కలం తీసి కాగితం మీద ఏదో గీకి పక్కన పెట్టేసింది.

"చూశావా! అందరికంటే ముందు అయిపోయింది," అన్నాడు టైలరుతో.

అంతలో మేడం వచ్చింది. కాగితం చూసింది. గొట్టం చూసింది. పిల్ల మొహం చూసింది.

"ఏంటమ్మా ఇది?"

"రీడింగు మేడం."

"పద్దెనిమిది పాయింటు నాలుగు. ఎలా వచ్చింది?"

"అదే వస్తుంది మేడం."

"గొట్టంలో చుక్క లేదు. కుళాయి తిప్పలేదు. ఎలా వస్తుందమ్మా?"

"ఎప్పుడూ అదే వస్తుంది మేడం. మాకు బోర్డు మీద ఉంటుంది. చూసి రికార్డులో రాసుకుంటాం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేడం నవ్వలేదు.

"ఎప్పుడైనా దీన్ని చేత్తో పట్టుకున్నావా?"

"లేదు మేడం."

కిటికీ అవతల అటెండరు ఇంకా దగ్గరికి జరిగాడు. ఊచ పట్టుకున్నాడు.

ఆ అంకె తనకి తెలుసు. ఏటా హెడ్మాస్టరు బోర్డు మీద రాసేవాడు. ఒక ఏడు, "మాటిమాటికీ ఎవడు రాస్తాడోయ్, పెయింటు వేసి పారెయ్" అన్నాడు. వేసింది తనే. గీత కొట్టుకుని, వంకర పోకుండా వేశాడు. అచ్చు గుద్దినట్టుందని హెడ్మాస్టరు మెచ్చుకున్నాడు కూడా. తను చదివింది మూడో తరగతి. పాఠమంటే అదే కాబోలనుకున్నాడు.

ఆ గొట్టాలూ తెలుసు. వారం వారం బీరువా తీసి, కడిగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ తాళం వేసేవాడు. ఒక్కటీ పగల్లేదు. ఎవరైనా పిల్లలు దగ్గరికొస్తే "పగిలితే మీ నాన్న తెచ్చిస్తాడా, పోండవతలికి!" అని కసురుకునేవాడు. ఒకసారి ఇలాగే కసిరితే, "మా నాన్నవి నువ్వే కదా" అంది కూతురు. అయినా పొమ్మన్నాడు.

తమ బళ్ళోనే చదివిన వడ్రంగి కొడుకు కాలేజీకి పోయి మూడు నెలలకే తిరిగొచ్చాడు. హాస్టలు తిండి పడలేదన్నారు. పోస్ట్‌మాన్ కూతురూ వచ్చేసింది. ఇంటి మీద బెంగన్నారు. తనూ అన్నాడు ఆ మాట. "ఈకాలం పిల్లలకి ఓపిక లేదు" అని రచ్చబండ మీద కూర్చుని మరీ అన్నాడు. ఇప్పుడు తల్చుకుంటే నోరు చేదెక్కింది.

లోపల మేడం కాగితం మీద ఎర్ర కలం పెట్టింది. అటెండరు చెప్పులు విడిచి గదిలోకి వచ్చేశాడు.

"ఎవరండీ మీరు?"

"అటెండర్నమ్మా. పిల్ల చదివిన బళ్ళో. దీని నాన్నని." చేతులు జోడించాడు. "తాళం నాదగ్గరే ఉంటుందమ్మా. నేనే తియ్యలేదు. పిల్ల తప్పు కాదు."

"మరి యాభై మార్కులు?"

"ఇచ్చారమ్మా. అందరికీ ఇచ్చారు."

మేడం ఎర్ర కలం పక్కన పెట్టింది. కూతురి మొహం కందగడ్డైంది. చాటుమాటు మాటలు ఆ పిల్లకి చేతకావు. నేరుగా మేడం వైపు తిరిగింది.

"సున్నా వేసెయ్యండి మేడం. నాకు రాదు. కానీ ముందు నేర్పించి, అప్పుడు పరీక్ష పెట్టండి. అప్పుడూ రాకపోతే నేనే వెళ్ళిపోతాను."

మేడం క్లాసు వైపు తిరిగింది. "మిమ్మల్ని ఏమీ అనను. నిజం చెప్పండి. ఇవాళ్టికి ముందు దీన్ని ఎప్పుడూ ముట్టుకోనివాళ్ళు చేతులెత్తండి."

ముందు కూతురి చెయ్యి లేచింది. తర్వాత మూడు. తర్వాత గోడవారనున్నవి. పదకొండు. అందులో టైలరు కొడుకు చెయ్యి కూడా ఉంది.

మేడం స్టూలు లాక్కుని కూలబడింది. నలభైమందిలో పదకొండు మంది! పక్కవాణ్ణి చూసి చేస్తున్నారని ఆమెకి ఇప్పటిదాకా తెలియనే లేదు. కిటికీ దగ్గర టైలరు "ఓరి నీ..." అని ఆగిపోయాడు.

మేడం లేచింది. "శనివారం దాకా టైము. రోజూ ఏడింటికి ఇక్కడుండాలి పదకొండుమందీ. పరీక్ష మాత్రం తప్పదు. ముందు ఉత్త నీళ్ళు పోసి కుళాయి తిప్పడం నేర్చుకోండి. కానివ్వండి."

కూతురు గొట్టాన్ని స్టాండు నుంచి ఊడదీసి చేతిలోకి తీసుకుంది. తలకిందులుగా పట్టుకుంది. అటెండరు చెయ్యి తనంతట అదే ముందుకెళ్ళి గొట్టాన్ని తిప్పి నిలబెట్టింది. కూతురు ఆ చేతిని మెల్లగా పక్కకి తోసేసింది.

"నేను పట్టుకుంటాను నాన్నా."

నీళ్ళు పోసింది. కుళాయి తిప్పింది. ముందు జలజలా కారిపోయాయి. కట్టేసింది. మళ్ళీ తిప్పింది. ఈసారి ఒక్కో చుక్కా పడింది.

అటెండరు గోడకానుకుని నిలబడ్డాడు. నాలుగు చుక్కలు పడేదాకా చూసి అడిగాడు.

"నా మీద కోపంగా ఉందా అమ్మడూ?"

"ఉంది నాన్నా," అంది చుక్క మీంచి చూపు తిప్పకుండా. "శనివారం అయ్యాక మాట్లాడతాను. ఇప్పుడు పలకరించకు."