సూరాంబ గిరిప్రదక్షిణము

భాద్రపదమాసమున ముసురువాన వెలసిన మఱునాఁటి ప్రాతఃకాలమునఁ బొన్నగిరిశిఖరము ధవళమేఘశకలములను దలపాగవలెఁ జుట్టుకొని నవార్కకిరణస్పర్శచేఁ దళతళలాడు హరితతృణసంతానముతోడను సానువులనుండి జలజల జాఱు నిర్ఝరములతోడను బరిసరగ్రామవాసుల కన్నులకుఁ బండువుగా నుండెను. కన్నులకే కాని కాళ్ళకుఁ గాదు. ఆ కొండచుట్టుదారి యంతయు నెఱ్ఱని బురదయై పాచిపట్టిన ఱాళ్ళతోడను నొఱగిన చెట్లతోడను జలగలతోడను యాత్రికులకొఱకుఁ గాచుకొని యుండెను.

అట్టి దారిని సూర్యోదయమునకే పాదరక్షలు లేక బయలుదేఱిన యిల్లాలు సూరాంబ. ఆమె భర్త వామనభట్లు గజ్జె కట్టి చిడతలు పట్టెనేని నాలుగూళ్ళ జనులను నవ్వించి యేడిపింపఁగల హరికథకుఁడు. గడచిన శీతకాలమున నేదో మాయజ్వరము వచ్చి యాతని గొంతు మూఁగవోయెను. అప్పుడు సూరాంబ “స్వామీ, ఆయన నోట మాట పలికింపుము. ఒక్క పగటిలో మౌనముగా నీ కొండ చుట్టి వచ్చెదను” అని మ్రొక్కుకొనెను. మాట వచ్చినది. వచ్చినది మొదలు ఆగినదియు లేదు. తోడు వచ్చిన యా మహానుభావుఁడు బురదను వర్ణించెను, జలగను వర్ణించెను, తన పిక్క నంటిన జలగను మఱింత వర్ణించెను. సూరాంబ చెవులు దిబ్బడలు వేయుచుండెను. అయినను మ్రొక్కు చెడిన నా గొంతు మరల మూఁగవోవునను భయ మామె గుండెలో గూడు కట్టుకొని యుండెను.

ప్రదక్షిణమార్గమున నెదురు వచ్చువా రుండరు. కొండను గుడిచేతివైపున నుంచుకొని యందఱు నొక్కదిక్కునకే నడతురు గాన ముందున్న దారి యెట్లున్నదో చెప్పు నాథుఁడు లేకపోయెను. సగము చుట్టిన పిమ్మట మలుపు తిరుగఁగానే యొక వాఁగు దారిని గోసివేసి సుడులు తిరుగుచు ఘోషించుచుండెను. దానిని దాఁటఁబోవుట ప్రాణముతోఁ జెలగాటము. వెనుక విడిచివచ్చిన చీలికయొద్ద మేకలదారి యొకటి పైకిఁ బోయి వాఁగు సన్నముగా నున్నచోట దాఁటును. అచ్చటికిఁ బోవలెనన్న వెనుకకుఁ దిరుగవలయును. తిరిగినఁ గొండ యెడమచేతికి వచ్చును. మ్రొక్కు మంటఁ గలియును. నోరు విప్పి చెప్పుకొనుటకును వీలులేక సూరాంబ కన్నీరు నించెను.

భట్లు కొంతసే పాలోచించి “ఏమే, యేడ్చెద వేల? కొండ కుడిచేత నుండవలె, నంతియే కదా. మొగము త్రిప్పకుము. ఉన్నదున్నట్లు వెనుకకు నడువుము. నీ వీఁపునకు నేను గన్నులయ్యెదను” అనెను.

అట్లే యామె వెనుకడుగులు వేయసాగెను. భట్లు దారి చూచుచుఁ గేకవేసి చెప్పుచుండెను. “ఎడమకాలు మెల్లగా, అచటఁ బాచి. ఇప్పుడు పాద మెత్తి పెట్టుము, తుమ్మముల్లు. ఇది మెత్తని బురద, భయము లేదు.” ఉదయమునుండి విని విని విసిగిన యా కంఠమునే నమ్ముకొని యా సాధ్వి యడు గడుగు వేసెను. అంతలో నా గొంతు చటుక్కున నాగిపోయెను.

సూరాంబ కొయ్యబాఱెను. పోయినది, ఆ గొంతు మరలఁ బోయినది, చేజేతుల నేనే పోఁగొట్టుకొంటిని అని కుములుచు మెడ మాత్రము త్రిప్పి చూచెను. భట్లు నడుమువఱకు బురదలోఁ జతికిలఁబడి తన పాటునకుఁ దానే యూపిరాడక నవ్వుచుండెను. అది కని యామెయుఁ బకపక నవ్వెను. వెంటనే నోరు మూసికొని బెదరుచూపులు చూచెను.

“నవ్వు మాట కాదు. దోషము లేదు” అని భట్లు బురదలోనుండియే తీర్పు చెప్పెను.

పడమటికొండపై నింకను నెండ యుండఁగనే దంపతులు మేకలదారిని వాఁగు దాఁటి కొండ చుట్టి ప్రొద్దునఁ బయలుదేఱిన మెట్లయొద్దకే చేరిరి. మఱునాఁటి ప్రదక్షిణమునకై వచ్చి సత్రమున దిగిన యాత్రికులు వారిని జుట్టుముట్టి దారి యెట్లున్నదని యడిగిరి. భట్లు గొంతు సవరించుకొని, వాడిపోయిన భార్యమొగముఁ జూచి, జీవితమున నెన్నఁడు నననిమాట యనెను. “రేపు చెప్పెదను. ఈమె యలసినది.”

సూరాంబ కడపటి మెట్టుపైఁ గూర్చుండి కాళ్ళు చాఁపుకొనెను. ఆ దినమున నామె పలికిన మొదటిమాట యిది.

“ఇప్పుడే చెప్పుఁడు. నేనును వినెదను.”