నాలుక కింద మూడు నిమిషాలు

పొన్నయ్య నోరు విప్పి మాట్లాడేది రోజుకు మూడే నిమిషాలు. అదీ తెల్లవారి ఐదున్నరకు, భార్య మారీశ్వరి నాలుక కింద థర్మామీటరు పెట్టుకుని పెదవులు బిగించినప్పుడు.

మిగతా రోజంతా మాటలు ఆమెవే. కోవిల్‌పట్టిలో రైలు కట్టకు అవతల, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వెనక సందులో వాళ్ళది ఒంటి గది ఇల్లు. ఆ సందులో ఎవరింట కోడి పొదిగినా మారీశ్వరికి తెలిసేది. తెలిసిందల్లా పొన్నయ్యకు చెప్పేది. పొన్నయ్య ‘ఊఁ’ అనేవాడు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో పిల్లలు కలగలేదు, పెద్ద పోట్లాటలూ లేవు, ఆ ‘ఊఁ’కు మాత్రం ఎన్నడూ లోటు రాలేదు.

థర్మామీటరు ఇంట్లోకి వచ్చాక ఒక వింత జరిగింది. ఆమె మాట్లాడని ఆ కాసేపటిని అతను భరించలేకపోయాడు. మొదటి రోజు ఏదో ఒకటి అనాలని, ఫ్యాక్టరీలో అగ్గిపుల్లల మందు గదిలో బల్లి పడిందని చెప్పాడు. మర్నాడు నాగలాపురంలో తన చిన్నప్పటి చేను గురించి చెప్పాడు. ఆ తర్వాత, పన్నెండో ఏట చనిపోయిన తమ్ముడి గురించి. ఆ తమ్ముడి సంగతి అతను ఎవరితోనూ అనలేదు. ఆమె కళ్ళతో నవ్వేది, కళ్ళతో జాలిపడేది, వేళ్ళు ఆడించి ‘తర్వాత?’ అని అడిగేది. తిరిగి జవాబు చెప్పలేని మనిషితో మాట్లాడటం ఇంత సులువని నలభై ఐదేళ్ళదాకా అతనికి తెలియదు.

జబ్బు మొదలైంది తొంభై తొమ్మిదిలో. కడుపులో కుడివైపు నొప్పి, తిన్నది నిలవకపోవడం, ఆరు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గడం. ముందు పేగుల్లో టీబీ అనుకుని తొమ్మిది నెలలు మాత్రలు ఇచ్చారు. అసలు జబ్బూ టీబీ చూడటానికి ఒకేలా ఉంటాయట. తర్వాత మదురైలో ఒక పెద్ద డాక్టరు గొట్టం వేసి చూసి, క్రోన్స్ అని పేరు చెప్పాడు. ఆ పేరు ఇద్దరికీ నోరు తిరగలేదు. ఇంట్లో దాన్ని ‘మదురై జబ్బు’ అనుకున్నారు.

ఆ మొదటి ఏడాదిలో జ్వరం చూసింది పొన్నయ్య చెయ్యి. ఆ చేతికి ఫ్యాక్టరీలో పేరుంది. అతను మందు ముంచేవాడు. ఆడవాళ్ళు చట్రంలో వరసగా గుచ్చి ఇచ్చిన పుల్లల కొసలను కాచిన జిగురులో కలిపిన మందులో ముంచి తీయాలి. జిగురు మరీ వేడెక్కితే తల జారిపోతుంది, చల్లారితే గడ్డకడుతుంది. సరైన వేడి ఏదో చెప్పడానికి అతను పళ్ళెం అంచున మునివేళ్ళు ఆనించేవాడు, అంతే. ఇరవై ఏళ్ళుగా మేస్త్రీ కూడా ఆ వేళ్ళను కాదని ఏమీ చేయలేదు. సాయంత్రం పనినుంచి వచ్చి అదే చెయ్యి భార్య నుదుటిమీద పెట్టి, “ఏమీ లే” అనేవాడు. ఏమీ లేదు లేదంటూనే ఒక రోజు ఆమె కడుపులో చీముగడ్డతో పడిపోయింది. మదురైలో పద్దెనిమిది రోజులు ఉండాల్సి వచ్చింది.

“జ్వరం ఎవరు చూసేవాళ్ళు?” అని డాక్టరు అడిగాడు.

పొన్నయ్య అరచెయ్యి చాచి చూపించాడు. ఏం పనో కనుక్కుని డాక్టరు నవ్వాడు. ఎగతాళిగా కాదు.

“ఒంటికంటే వేడైన జిగురు పళ్ళెం దగ్గర పొద్దంతా ఉండే చెయ్యి అది. దానికి జ్వరం కూడా చల్లగానే తగులుతుంది. పనినుంచి వచ్చిన చేతిని నమ్మకు. ఈ జబ్బు నీ భార్య ఒంట్లోకి చప్పుడు చేసుకుంటూ రాదు. నొప్పికంటే ముందు అర డిగ్రీ, ముప్పావు డిగ్రీ వేడి పెరుగుతుంది, అంతే. రోజూ లేవగానే, మంచినీళ్ళైనా తాగకముందు, ఒకే వేళకు చూసి రాయండి. మూడు రోజులు వరసగా పైనే నిలిస్తే బస్సెక్కి వచ్చేయండి.”

అందులో పొన్నయ్య మనసులో మిగిలింది చేతిని నమ్మవద్దన్న మాట ఒక్కటే. పనినుంచి వచ్చిన చెయ్యి అన్నాడన్నది జారిపోయింది. ఎవరికైనా అవమానంలో సగమే గుర్తుంటుంది.

అలా థర్మామీటరు వచ్చింది. గాజులో వెంట్రుకంత పాదరసం గీత పొన్నయ్య కళ్ళకు ఆనేది కాదు. దూరపు గోడమీద పోస్టరు చదవగలడు గాని దగ్గరి చూపు మందగించింది. అద్దాలు వేసుకొమ్మంటే, “నేనేమి బడి వాద్యారునా?” అనేవాడు. అందుకని మారీశ్వరే దీపం వైపు తిప్పి చదివి, “తొంబై ఏడు పాయింటు ఆరు మామా” అనేది. తర్వాత ఒక పొడుగు కాగితాల నోటుపుస్తకంలో పెద్ద పెద్ద అంకెలు వేసి, పొయ్యి పక్కన మేకుకు వేలాడదీసేది. రెండేళ్ళు ఆ అంకె అటూ ఇటూ కదలలేదు. ముఖం ఉబ్బిపోయేలా చేసిన మాత్రలు కూడా తగ్గించారు.

రెండు వేల నాలుగు సంక్రాంతి దాటాక చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరు కొత్త మాట చెప్పాడు. పేగు ఒకచోట సన్నబడింది. మళ్ళీ జబ్బు రేగితే కోసి తీయాలి. తీస్తే కొన్నాళ్ళు, కాకపోతే ఎల్లకాలం, మలం పొట్టమీద కట్టిన సంచిలోకి వస్తుంది.

తిరుగు బస్సులో ఆమె మాట్లాడలేదు. సాత్తూరులో బస్సు ఆగినప్పుడు కిటికీ దగ్గరికి దోసకాయలు వచ్చాయి. ఆమెకు ఇష్టం, కొనకుండా ఏనాడూ ఆ ఊరు దాటలేదు. ఇప్పుడు తల అటు తిప్పుకుంది.

“సంచితో ఉంటే సందులో ఆడోళ్ళు నా పక్కన కూసోరు మామా,” అంది, చాలా దూరం పోయాక. “నేను కూడా కూసోను.”

“ఊఁ,” అన్నాడు పొన్నయ్య. ఆ ఒక్కసారి ‘ఊఁ’ సరిపోదని తెలిసి కూడా.

విరుదునగర్ ఆమె పుట్టిల్లు. అక్క ముత్తమ్మాళ్ అక్కడే ఉంది. ఎండలు ముదిరే పంగుని నెలలో జరిగే పొంగలు జాతరకు ఆ ఊరి మారియమ్మకు అగ్నిచట్టి ఎత్తుతానని మారీశ్వరి మొక్కుకుంది. మండే కట్టెలున్న మట్టిచట్టిని వేపాకుమీద రెండు చేతుల్లో పట్టుకుని గుడిదాకా నడవాలి. ఇరవై ఒక్క రోజులు కంకణం కట్టుకుని ఒంటిపూట తినాలి. “సంచి వొద్దమ్మా అని అడగతా. ఇంగేమీ అడగను,” అంది.

కంకణం కట్టుకున్న మూడో రోజునో నాలుగో రోజునో, ఆమె నోట్లో థర్మామీటరుతో కూర్చుని ఉండగా, పొన్నయ్య ఫ్యాక్టరీలో గుమాస్తా వెంకటరామన్ పంచె సైకిలు చక్రంలో చిక్కుకున్న కథ చెబుతున్నాడు. నవ్వు ఆపుకోలేక ఆమె ముందుకు వాలితే జుట్టు ముఖంమీద పడింది. అతను దాన్ని పక్కకు తోశాడు. వేళ్ళు నుదుటికి తగిలాయి.

నిద్రలేచిన చెయ్యి అది. రాత్రంతా ఖాళీగా, చల్లగా ఉన్న చెయ్యి. ఆ వేళ్ళు పళ్ళెం అంచున ఆగినట్టే ఒక క్షణం ఆగాయి.

ఆమె థర్మామీటరు తీసి, చూసి, వెంటనే విదిలించింది.

“తొంబై ఏడు పాయింటు ఆరు.”

“వెచ్చంగా ఉండాదే?”

“ఏంది మామా, నా నెత్తి నీ మందు పళ్ళెం అనుకొంటివా? పంగుని ఎండకు రాయి కూడా వెచ్చంగానే ఉంటాది.”

“తెల్లారక ముందే ఎండ ఏడిది?”

“నిన్నటి ఎండ. ఒంట్లో మిగిలుండాది,” అని నవ్వింది. “డాక్టరు ఏమి సెప్పినాడు? నీ సెయ్యి నమ్మగూడదు అన్లే?”

అన్నాడు. అది నిజం. పొన్నయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తర్వాతి రోజుల్లో అతను నుదురు తాకలేదు. తాకకుండా ఉండటానికి ఏదో ఒక పని పెట్టుకున్నాడు. మునుపు ఆమె థర్మామీటరును దీపానికి అడ్డం పెట్టి, “దో సూడు, ఆడ ఉండాది గీత” అని అతనికి కనిపించకపోయినా చూపించేది. ఇప్పుడు నోట్లోనుంచి తీయడం, విదిలించడం ఒకేసారి జరుగుతున్నాయి. అది అతను గమనించాడు. గమనించిన సంగతిని మాత్రం లోపల ఎక్కడో, చెయ్యి అందని చోట పెట్టాడు. మనిషి తనకు తెలియకుండా తనదగ్గరే దాచుకోగలిగిన వస్తువులు చాలా ఉంటాయి. నోట్లో గాజు ఉన్న ఆ మూడు నిమిషాల్లో అడిగి ఉంటే ఆమె అబద్ధం చెప్పలేకపోయేది. తల ఊపాలి, లేదా అతని కళ్ళలోకి చూడాలి. అతనికది తెలుసు. అందుకే ఆ మూడు నిమిషాలూ వెంకటరామన్ పంచె గురించీ, వత్రాప్‌నుంచి వచ్చిన మామిడికాయల గురించీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. గాజు బయటికి వచ్చాక, “ఎంత?” అని అడిగేవాడు.

“అంతే మామా. అదే.”

పొంగలుకు ముందురోజు విరుదునగర్ చేరారు. మర్నాడు ఆమె చట్టి ఎత్తింది. పసుపు చీర, మెడలో వేపాకు. మంట వెలుగులో బుగ్గలు ఎర్రగా కమిలి ఉన్నాయి. ముత్తమ్మాళ్ అతని పక్కన నడుస్తూ, “సూడు పొన్నయ్యా, దానికి ఏమి జబ్బు? పెండ్లికూతురు మాదిరి ఉండాది,” అంది. ఆ ఎరుపు మంటదో ఒంటిదో అతను తేల్చుకోలేదు. గుడిముందు చట్టి దించి ఆమె అతనివైపు చూసి, ‘అయిపోయింది’ అన్నట్టు తల ఊపింది.

ఆ మర్నాడు తెల్లవారి అక్క ఇంట్లోనే థర్మామీటరు పెట్టుకుంది. “ఊరికి పోయినాక మదురైకి పోదాం మామా,” అంది, పెట్టుకునే ముందు. ఎందుకని అతను అడగలేదు. మూడు నిమిషాలు నిండకముందే కడుపు పట్టుకుని ఒరిగిపోయింది. గాజు కొరుకుతుందేమోనని పొన్నయ్య దాన్ని లాగి, దాని ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆటో, విరుదునగర్ ఆస్పత్రి, అక్కడినుంచి వ్యానులో మదురై. పేగు చిల్లుపడి విషం కడుపంతా పాకింది. కోశారు. సంచి కట్టారు. ఆమెకు తెలివి రాలేదు గనక ఆ సంచిని చూడలేదు. మూడో రోజు మధ్యాహ్నం పోయింది.

పదహారో రోజు కర్మ అయ్యాక డాక్టరు కబురు చేస్తే పొన్నయ్య పాత కాగితాలు తీసుకుని వెళ్ళాడు. కాగితాలతోపాటు మేకునున్న నోటుపుస్తకం కూడా చంకన పెట్టుకుపోయాడు. డాక్టరు చివరి పుటలు తిప్పి చాలాసేపు చూశాడు.

“తొంభై ఎనిమిది పాయింటు నాలుగు. పాయింటు ఎనిమిది. తొంభై తొమ్మిది. తొంభై తొమ్మిది పాయింటు రెండు. పద్దెనిమిది రోజులు, ఒక్కరోజైనా తప్పకుండా రాసి ఉంది. మూడు రోజులు నిలిస్తే రమ్మన్నాను కదయ్యా! ఎందుకు తీసుకురాలేదు?”

పొన్నయ్య చెయ్యి చాచి పుస్తకం తీసుకున్నాడు. చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుంటే ఆ అంకెలు శుభ్రంగా కనిపించాయి. అతనికి నోటితో అబద్ధం చెప్పింది గాని కాగితానికి చెప్పలేదు ఆమె. రాసి, పొయ్యి పక్కన, రోజూ అతని భుజం తగిలే చోట వేలాడదీసింది. పొంగలు అయ్యేదాకా దొరకకూడదనీ అనుకుంది, దొరికిపోతే బాగుండుననీ అనుకుంది కాబోలు. పట్టుకోవలసినవాడు ఒక్కడే. వాడు పద్దెనిమిది రోజులు ఆ పుస్తకం పక్కనే నిలబడి గంజి తాగాడు.

ఆమె నాతో రోజూ పాత అంకే చెప్పింది సార్ అని ఒక్క మాట అంటే చాలు. అది నోటిదాకా వచ్చింది.

“నేను కండుకోలే సార్, పట్టించుకోలే,” అన్నాడు. “సెయ్యికి తెలిసింది. నేను కండుకోలే.”

డాక్టరు పాత కాగితాలు సర్ది అతని ముందుకు తోశాడు.

ఆ వారమే కోవిల్‌పట్టిలో అద్దాలు కొనుక్కున్నాడు. జేబులో మిగిలిపోయిన థర్మామీటరు తీసి దీపం దగ్గర చూశాడు. ఎవరూ విదిలించలేదు గనక గీత ఎక్కడిదక్కడే ఉంది. నూట ఒకటి పాయింటు రెండు. ఆమె చివరి వేడి.

చిత్తిరై నెల ఎండలు మొదలయ్యాయి. మధ్యాహ్నం గది ఆ అంకెను దాటి కాగుతుంది. ఎండకు గీత పైకి పాకితే ఇక ఆమెది ఏదో ఎండది ఏదో తెలియదు. పొన్నయ్య థర్మామీటరును గొట్టంతో సహా మంచినీళ్ళ కుండ కింద తడి ఇసుకలో పూడ్చాడు. పనికి పోయేముందు ఇసుక తడిపేవాడు. మధ్యాహ్నం భోజనం మానుకుని వచ్చి మళ్ళీ తడిపేవాడు.

ఒకసారి చూడవచ్చిన ముత్తమ్మాళ్ కుండ కడగబోయి దాన్ని తీసింది.

“ఇదేంది, ఇసకలో పెట్టుండావు? ఇంగ ఎవురికి ఇది? ఇదిలించి ఆడ పెట్టు.”

“ఇదిలించొద్దు వొదినా!”

అంత గట్టిగా అతను మాట్లాడగా ఆమె ఎన్నడూ వినలేదు. గొట్టం అతని చేతిలో పెట్టింది.

ముత్తమ్మాళ్ ఊరికి పోయిన మర్నాడు తెల్లవారి, పొన్నయ్య లేచి మంచినీళ్ళైనా తాగకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇసుకలోనుంచి గాజు తీసి, తుడిచి, నాలుక కింద పెట్టుకుని పెదవులు బిగించాడు. ఎదురుగా మారీశ్వరి కూర్చునే చాప చుట్టి ఉంది. సందులో ఎవరో నీళ్ళ బిందె దించుతున్నారు. మూడు నిమిషాలు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత అద్దాలు పెట్టుకుని దీపం వైపు తిప్పి చూశాడు. నూట ఒకటి పాయింటు రెండు. తన ఒంట్లో ఉన్న వేడి ఆ గీతను కదిలించడానికి చాలలేదు. గొట్టంలో పెట్టి, ఇసుకలో పూడ్చి, చెంబుడు నీళ్ళు పోసి, పనికి పోయాడు.