చెవులు రెండూ కనబడాలి

ఫోటో తీసినవాడి చేత ఉపన్యాసం ఇప్పించాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మాటలు వచ్చినవాడు మాటలే చెప్పుకుని బతుకుతాడు, కెమెరా ఎందుకు పట్టుకుంటాడు? ఈ ముక్కే మా ఫోటోగ్రాఫర్ల సంఘం కార్యదర్శితో అన్నాను. ఆయన వింటేగా!

"ఈసారి ప్రదర్శనలో ఎవరి ఫోటో పక్కన వాళ్ళు నిలబడి, అది తమకెందుకు ముఖ్యమో మూడు నిమిషాలు చెప్పాలండీ. ఫోటో వెనక మనిషి కావాలి జనానికి," అన్నాడు. పైగా చేతిగడియారం చూస్తూ పక్కనే నిలబడతాడట.

నాది గుర్తింపు కార్డులకీ దరఖాస్తులకీ ఫోటోలు తీసే స్టూడియో. ఒక స్టూలు, వెనకాల తెల్ల తెర, రెండు లైట్లు, ఒక అద్దం, ఆ అద్దం దగ్గర దారంతో కట్టేసిన దువ్వెన. కట్టకపోతే జేబులో పెట్టుకుపోతారు. ఇరవై రెండేళ్ళుగా రోజుకు ముప్ఫైసార్లు ఒకే పాట పాడుతున్నాను: "గడ్డం కొంచెం దించండి, జుట్టు వెనక్కి తోసుకోండి, చెవులు రెండూ కనబడాలి." చెవులు కనబడకపోతే ఆఫీసువాళ్ళు ఫోటోని వెనక్కి కొడతారు. తీశాక కంప్యూటరు ముందు కూర్చుని, ముఖాన్ని పెద్దది చేసి, మొటిమలూ మచ్చలూ గీతలూ తుడిచేస్తాను. అడిగినా తుడుస్తాను, అడక్కపోయినా తుడుస్తాను. మనిషికి నలభై సెకన్లు. ఫోటో చేతికొచ్చాక, "మీ దగ్గర లైటింగు బాగుంటుందండీ" అంటారు. నేను కాదనను.

అలాంటి వాడి ఫోటో ప్రదర్శనకెక్కడానికి కారణం స్టూడియో ముందున్న అద్దాల పెట్టె. అందులో మా అక్క ఫోటో ఉంది. కార్యదర్శి ఒకరోజు దాని ముందు ఆగిపోయి, ఇది ఇవ్వాల్సిందేనని పట్టుబట్టాడు.

అది రెండేళ్ళ కిందటి ఫోటో. అక్క నీళ్ళ సరఫరా ఆఫీసులో కౌంటరు దగ్గర పనిచేసేది. కొత్త గుర్తింపు కార్డుకి ఫోటో కావాలని మధ్యాహ్నం భోజనాల వేళలో హడావిడిగా వచ్చింది. స్టూలు మీద కూర్చుని ముఖం గంటు పెట్టుకుంది. "అక్కా, కౌంటరు మూసేశాక వచ్చినవాణ్ణి చూసినట్టు చూడకు," అన్నాను. పకపకా నవ్వింది. నా వేలు కెమెరా మీట మీదే ఉంది, నొక్కేశాను. జుట్టంతా చెవుల వెనక్కి తోసి ఉంది, తల ఒక పక్కకి వాలింది, మెడ పొడుగునా వెలుతురు పడింది. కార్డుకి పనికిరాలేదు గానీ, నేను జీవితంలో తీసిన మంచి ఫోటో అదొక్కటే.

ఎనిమిది నెలల కిందట, తల దువ్వుకుంటుంటే అక్కకి ఎడమ చెవి కింద దువ్వెన తగిలి రక్తం వచ్చింది. ఎంతకీ ఆగలేదు. డాక్టరు చూశాడు, ముక్క తీసి పరీక్షకి పంపాడు. మచ్చే. కానీ మామూలు మచ్చ కాదు, క్యాన్సరు. అప్పటికే ఊపిరితిత్తుల దాకా పాకింది. "ఇది వచ్చి రెండేళ్ళు దాటి ఉంటుంది. మొదట్లోనే తెచ్చి ఉంటే చిన్న కోతతో పోయేది. ఇంట్లో ఎవరూ చూడలేదా?" అని అడిగాడు. ఆ ఆఖరి మాట మా బావకి తగలరాని చోట తగిలింది.

బావ కరెంటు ఆఫీసులో మీటర్లు చూసే ఉద్యోగి. ముళ్ళు ఎంత చూపిస్తే అంతే నిజం, అంతకు మించి ఆలోచించే అలవాటు ఆయనకి లేదు. అలాంటి మనిషి ఆ రోజు నుంచి ఒకటే పట్టుకున్నాడు: "ఇరవై ఆరేళ్ళు పక్కన ఉన్నాను. ఒక్కసారి ఆ జుట్టు పక్కకి తీసి చూడలేదు." అన్నం ముందు కూర్చుని అదే మాట. ఆసుపత్రి వరండాలో అదే మాట. అక్క విసుక్కునేది, తర్వాత బతిమాలేది, ఆ తర్వాత ఊరుకుంది. నేను మాత్రం ఆయన భుజం మీద చెయ్యి వేసి, "జుట్టు కింద ఉన్నది ఎవరికి కనబడుతుంది బావా, ఊరుకో," అనేవాణ్ణి. ఎంత పెద్ద మనిషి తరహానో నాది!

పోయిన వారం ప్రదర్శన కోసం ఫోటో పెద్ద సైజులో వేయాల్సి వచ్చింది. పెట్టెలో ఉన్నది చిన్నది. సరే, అసలు ఫోటో నుంచి మళ్ళీ మొదలుపెడదామని కంప్యూటర్లో పాత ఫైలు తెరిచాను. కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టే ఉంది, చెయ్యి పడనిది.

ఎడమ చెవి కింద ఉంది. కందిబద్దంత. అంచులు వంకరటింకరగా, ఒక పక్క నల్లగా, ఒక పక్క గోధుమరంగుగా.

అంతకుముందు ఏడాది తీసిన ఫోటో కూడా వెతికి తెరిచాను, ఏదో దరఖాస్తు కోసం తీసింది. అందులోనూ ఉంది, గుండుసూది తలంత. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. రెండుసార్లూ దాన్ని చూసింది నేను. ప్రపంచంలో నేనొక్కణ్ణే. జుట్టు వెనక్కి తోయించింది నేను, లైటు వేసింది నేను, నాలుగింతలు పెద్దది చేసి చూసింది నేను. చూసి, తుడిచేశాను.

అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. అది గుర్తు రాకుండా ఉంటే ఎంత బాగుండేది! స్టూలు మీంచి లేస్తూ అక్క చెవి కింద వేలు పెట్టుకుని, "ఒరే, ఇక్కడేదో గరుకుగా తగులుతోందిరా. ఫోటోలో కనబడుతుందా?" అని అడిగింది. నేను కంప్యూటరు వైపు తిరిగే ఉన్నాను. "కనబడదులే అక్కా, నేను చూసుకుంటాను," అన్నాను.

అమ్మ పోయాక నాకు తల దువ్వి బడికి పంపింది అక్కే. నా తలలో చిన్న పొక్కు లేచినా అక్క వేళ్ళకి తెలిసిపోయేది. దీపం దగ్గర కూర్చోబెట్టి, పాయ పాయ విడదీసి చూసి, మందు రాస్తే గానీ వదిలేది కాదు. మరి నేను?

మూడు రోజులు ఆలోచించాను. చెప్పాలి. అక్కకి నయం కాదు, అది నాకు తెలుసు. కానీ బావ మోస్తున్నది నా బరువు. ఆయన చెయ్యని తప్పుకి ఆయన అన్నం మానేస్తుంటే నేను ఓదార్పులు చెబుతున్నాను. అసలు ఫోటోని, తుడవనిది, విడిగా ఒకటి వేయించి కవర్లో పెట్టాను. గోడ మీదకి మచ్చ తుడిచిన శుభ్రమైనదే పెద్దదిగా వేయించాను. నా మూడు నిమిషాల్లో కవరు తీసి రెండోది చూపించి, ఇదీ సంగతి అని అందరి ముందూ చెప్పేస్తాను. ఇంట్లో చెప్పే ధైర్యం ఎలాగూ లేదు. జనం ముందైతే మధ్యలో పారిపోవడానికి ఉండదు కదా అనుకున్నాను.

ప్రదర్శన గ్రంథాలయం మేడ మీద హాల్లో. అక్క వస్తుందనుకోలేదు, కానీ వచ్చింది. తలకి రుమాలు కట్టుకుని, మెడకున్న కట్టు మీదుగా దాన్ని చుట్టుకుని, బావ చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది. ముందు వరసలో కూర్చోబెట్టాం.

మొదట పిట్టల సారు మాట్లాడాడు. రిటైరైన భూగోళం మాస్టారు, పిట్టలు తప్ప మనుషుల్ని తీయడు. ఒక లకుముకి పిట్ట కోసం ఏటి గట్టున పదకొండు రోజులు ఎలా కూర్చున్నాడో చెప్పాడు. మూడు నిమిషాలు కాస్తా పన్నెండయ్యాయి. కార్యదర్శి గడియారం చూపించాడు, దగ్గాడు, చివరికి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జనం నవ్వారు. అక్క కూడా నవ్వింది.

తర్వాత ఎక్స్‌రే అమ్మాయి. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఆమె ఫోటోలో ఒక గోడ, కొక్కెం, దానికి ఎవరో మర్చిపోయిన చొక్కా, అంతే. "నేను రోజంతా మనుషుల లోపల చూస్తాను," అంది. "నాకు చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. కానీ చెప్పే అధికారం నాకు లేదు, డాక్టరే చెప్పాలి. 'అయిపోయిందండీ, చొక్కా వేసుకోండి' అంటాను. అంతే నా మాట. ఈ చొక్కాయన తొందరలో వేసుకోవడం మర్చిపోయి బనీను మీదే వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు." ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆమె చూసీ చెప్పలేదంటే అధికారం లేక. నాకేం అడ్డొచ్చింది? నేను చూశానని కూడా నాకు తెలియలేదు.

"తర్వాత మన స్టూడియో సారు!" అన్నాడు కార్యదర్శి.

ఫోటో పక్కకి వెళ్ళి నిలబడ్డాను. కవరు చేతిలో ఉంది. "ఇది మా అక్క," అన్నాను. ముందు వరసలో అక్క, అచ్చం ఫోటోలో లాగే తల పక్కకి వాల్చి చూస్తోంది. బావ ముందుకి వంగి కూర్చున్నాడు. "గుర్తింపు కార్డు కోసం వచ్చింది. నవ్వింది. నేను..." వేళ్ళు కవరు మూత దాకా వెళ్ళాయి, అక్కడే ఉండిపోయాయి. "నేను రోజూ ముఖాలు చూస్తానండీ. చూడటం నా వృత్తి. అంతే," అన్నాను. జనం అదేదో గొప్ప మాట అనుకుని చప్పట్లు కొట్టారు. నాకు నా మీదే అసహ్యం వేసింది.

అందరూ టీ బల్ల వైపు కదిలారు. సరే, ఇక్కడే, ఇప్పుడే, బావ ఒక్కడికే చెప్పేద్దామని చూశాను. బావ అప్పటికే ఫోటో ముందు ఉన్నాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మీటరు చూసినంత దగ్గరగా వంగి చూస్తున్నాడు. చెవి కింద.

"బావా," అన్నాను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "ఇలా రా. చూడు. ఎప్పటిదిరా ఇది?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళు! చూడు, ఏమీ లేదు. శుభ్రంగా ఉంది. ఇంత లైటులో, ఇంత పెద్దగా ఉన్నా ఏమీ లేదు." వేలితో ఆ మెడ మీద తడిమాడు. "అంటే ఆ డాక్టరు ఊరికే అంచనా వేశాడు. అప్పుడు నేను చూసినా కనబడేది కాదు. కనబడేదా? నువ్వు చెప్పు."

నేను కవరు వీపు వెనక్కి పెట్టుకున్నాను.

"కనబడేది కాదు," అని తనే చెప్పుకున్నాడు. కళ్ళజోడు కింద నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు. "నాకిది కావాలిరా. ప్రదర్శన అయ్యాక ఇంటికిచ్చెయ్. గోడకి పెట్టుకుంటాను. ఉండు, మీ అక్కకి టీ తెస్తాను. నేనూ తాగుతాను." ఎనిమిది నెలల తర్వాత ఆ మనిషి నడకలో బరువు లేదు.

నేను అక్క పక్క కుర్చీలో కూలబడ్డాను. కవరు మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. అక్క దాన్ని చూసింది, నన్ను చూసింది.

"అక్కా, ఆ రోజు నువ్వొకటి అడిగావు."

"అడిగాను," అంది. చాలా మామూలుగా. "పెట్టెలో ఫోటో చూసినప్పుడే అనుకున్నాను, తీసేశాడు వీడు అని. అప్పట్లో సంతోషించాను కూడా. మెడ నున్నగా ఉందని."

"మరి ఇన్నాళ్ళూ నన్ను ఒక్క మాట అనలేదే?"

"అంటే ఏమవుతుందిరా? ఆయన ఒక్కడు తిండి మానేశాడు, నువ్వూ మానేస్తావు. నేనెంతమందిని బతిమాలి తినిపించను?" నవ్వబోయింది, దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక కవరు మీద చెయ్యి వేసి నా వైపుకి నెట్టింది. "ఇది ఆయన కంట పడనివ్వకు. ఆ గోడ మీదది ఇచ్చెయ్. నేను పోయాక ఆయన రోజూ దాన్నే చూసుకుంటాడు."

"నా వల్ల కాదక్కా. ఆయన ముఖం చూడలేను."

"చూడు మరి," అంది. కోపం లేదు ఆ మాటలో. అలసట ఉంది.

బావ రెండు కప్పులతో వచ్చాడు. ఒకటి అక్క చేతికిచ్చి, తనది నిలబడే గటగటా తాగేసి, "ఏరా, కెమెరా తెచ్చావా? మీ అక్కా నేనూ ఆ ఫోటో పక్కన నిలబడతాం, ఒకటి తియ్యి," అన్నాడు. ఆయన అలా సరదాగా ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందో. పిట్టల సారు దారిలోంచి తప్పుకున్నాడు. ఎక్స్‌రే అమ్మాయి అక్క చేతిలోని కప్పు అందుకుంది.

వాళ్ళిద్దరూ నిలబడ్డారు, మధ్యలో గోడ మీద నవ్వుతున్న అక్క. నేను కెమెరా కంటికి ఆనించాను. రుమాలు జారి, చెవి కింద తెల్లటి కట్టు సగం బయటికొచ్చింది. అక్క తడుముకుంది, సర్దుకోబోయి ఆగింది. సూటిగా కెమెరాలోకి, అంటే నాలోకి, చూస్తూ అడిగింది.

"ఒరే, ఫోటోలో కనబడుతుందా?"

బావ నవ్వుతూ నా జవాబు కోసం చూస్తున్నాడు.

"కనబడదులే అక్కా," అన్నాను. "నేను చూసుకుంటాను."