ఊగే పేజీ

నా దగ్గరికి వెబ్‌సైట్ చేయించుకోవడానికి వచ్చేవాళ్ళు మొదట అడిగేది తమ పేరు ఇంకా పెద్ద అక్షరాల్లో వేయమని. తర్వాత మామగారి ఫోటో పెట్టమంటారు. ఈ రెండూ అడగకపోవడం వల్ల మురళీధరన్ మొదటి రోజే నాకు నచ్చాడు. తిరువళ్ళూరు స్టేషన్ మెట్లు దిగగానే మేడ మీద నా ఆఫీసు. చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చి, సంచిలోంచి ఒక మడత తీసి నా టేబుల్ మీద పెట్టాడు. పసిబిడ్డల ఉయ్యాల గుడ్డ. మా వైపు తూళి అంటారు. దూలానికి స్ప్రింగు తగిలించి, దానికి ఈ గుడ్డ కట్టి, మడతలో బిడ్డను పడుకోబెడతారు. చేత్తో నేసి, గంజి పోయేదాకా ఉతికి ఆరేసిన నూలు గుడ్డ. చేతిలోకి తీసుకుంటే కింద పెట్టబుద్ధి కాలేదు.

తిరుత్తణిలో వాళ్ళది తెలుగు నేతవాళ్ళ ఇల్లు. వీధిలో అందరూ పవర్‌లూమ్‌లు పెట్టుకుని లుంగీలు నేస్తున్నారు. మురళి మాత్రం కవరైపేట్టైలో ఫ్యాక్టరీ పని మానేసి, తండ్రి వదిలిపోయిన చేమగ్గం మీద తూళిలు నేస్తున్నాడు. అప్పటికే అతనికి ఒక వెబ్‌సైట్ ఉంది. చుట్టాలబ్బాయి ఎవరో చేసిచ్చాడట. పసుపు అక్షరాలు, మధ్యలో గులాబీ పువ్వు, నొక్కితే పలకని ఫోన్ నంబరు. అది చూసి నాకు ఒళ్ళు మండింది. ఇంత మంచి గుడ్డను ఇంత వికారంగా చూపించడానికి కూడా ఓపిక కావాలి.

ఆ వెబ్‌సైట్ మొత్తం విప్పేసి మళ్ళీ కట్టాను. కొలతలు, ఉతికే పద్ధతి, ఎంత బరువు ఆగుతుంది, వాట్సాప్ బటన్, తమిళంలో ఒక పేజీ, అక్షరాలు కూడబలుక్కుంటూ తెలుగులో ఒక పేజీ. అన్నీ కుదిరాయి గానీ ఒక్క లోటు ఉండిపోయింది. పేజీలో కదిలేది ఏదీ లేదు. కదలనిదాన్ని జనం వేలితో నెట్టేసి పోతారు. తూళి కట్టి, ఊపుతూ వీడియో తీద్దామన్నాను.

మురళి కుదరదన్నాడు. అతని భార్య దేవసేనకు ఆరో నెల. ముందొక బిడ్డ నెలలు నిండకుండా పుట్టి, ఆ పూటే పోయాడు. ఈసారి పురుడు అయ్యేదాకా ఇంట్లోకి పసిబిడ్డ టోపీ గానీ, గాజు గానీ రాకూడదని మురళి తల్లి వళ్ళియమ్మ కట్టడి చేసింది. ఇంటి నిండా తూళిలే, కానీ అన్నీ మడతపెట్టి ఉండేవే. ఒక్కటీ దూలానికి ఎక్కలేదు. అన్నిటికీ మించి, ఖాళీ ఉయ్యాల ఊపకూడదు. ఊపితే ఆ ఇంటి బిడ్డకు మంచిది కాదంటారు. ఇది నాకూ తెలుసు, మా అమ్మ నా వీపు మీద ఒకటి వేసి మరీ నేర్పింది.

పోనీ పక్కింటి బిడ్డను పడుకోబెడదామంటే, ఇంట్లో కడుపుతో ఉన్న మనిషిని పెట్టుకుని ఇంకొకళ్ళ బిడ్డను అడగలేనన్నాడు. నేను వాదించాను. వాదనలో నాతో ఎవరూ నెగ్గలేరు, మా ఆయన ఆ ప్రయత్నం ఎప్పుడో మానుకున్నాడు. ఒక్కసారి తోస్తే చాలు, మిగిలింది కంప్యూటర్ ఊపుతుంది, కంప్యూటర్‌కు శాస్త్రం ఏమిటి అన్నాను.

కృత్తిక నాడు వళ్ళియమ్మ కొండ మీద స్వామి గుడికి వెళ్ళింది. దేవసేన ఇంట్లో పడుకుని ఉంది. మురళి వెనక మగ్గం కొట్టంలో తూళి కట్టి, మొహం పక్కకు తిప్పుకుని, చేత్తో ఒకసారి తోశాడు. నేను ఫోన్‌లో తీశాను. కిటికీలోంచి వచ్చిన వెలుతురులో గుడ్డ ఎంతో బాగుంది. మొదలూ చివరా అతుకు తెలియకుండా కలిపేసరికి అది ఇక ఆగేది లేదు. పేజీ తెరిచిన ప్రతి ఫోన్‌లోనూ ఊగుతూనే ఉంటుంది.

ఆర్డర్లు మొదలయ్యాయి. నేను కాలరెగరేసుకునే లోపలే మురళికి ఆ ఫోన్ కూడా వచ్చింది. పట్టాభిరామ్ అనే ఊరి నుంచి ఒకావిడ. తన మనవరాలికి ఏ సైజు సరిపోతుందో తెలియక, వీడియోలో ఊగుతున్న బిడ్డకు ఎన్నో నెల అని అడిగిందట. అందులో బిడ్డ లేడని మురళి చెప్పాడు. ఆవిడ నవ్వి, కన్ను పడుతుందని భయమా నాయనా, నేనేమీ అనుకోనులే అందట.

తర్వాత ఎలవూరు నుంచి ఇంకొకావిడ. గుడ్డ అంచు బిడ్డ ముక్కు మీద పడుతోంది, కాస్త పక్కకు జరపమంది. మరొకాయన, ఇంతమంది చూసే చోట పెట్టినప్పుడు బుగ్గన చుక్క పెట్టాలని తెలియదా అని కోప్పడ్డాడు. లేడు అన్నకొద్దీ, దిష్టికి దాస్తున్నాడనే అందరూ అనుకున్నారు. మన వాళ్ళలో ఏ తండ్రైనా అలాగే దాస్తాడు కదా.

మురళి రైలెక్కి నా ఆఫీసుకు వచ్చాడు. ఇద్దరం కలిసి చూశాం. తూళి, స్ప్రింగు, కిటికీ, వెలుతురు. గుడ్డ మడత చదునుగా, ఖాళీగా ఊగుతోంది. ఎవరో పోటీవాళ్ళు ఆకతాయి పని చేయిస్తున్నారని నేను తేల్చేశాను. అది నిరూపించాలని మెట్ల దగ్గర పూలు కట్టే కమలమ్మకు ఫోన్ చూపించాను. ఏముందో చెప్పు అన్నానే తప్ప ఇంకో మాట అనలేదు.

కమలమ్మ పూలమాల ఒడిలో పెట్టుకుని ఫోన్ మీదకు వంగింది. పెదాలు ముందుకు పెట్టి, పసిపిల్లల్ని పలకరించే చప్పుడు చేసింది.

"ఎవురి బిడ్డమ్మా? నిద్దర్లో నవ్వతాండాడు," అంది.

టికెట్ల వరుసలో ఉన్న ఇద్దరికి చూపించాను. ఇద్దరి మొహాల్లోనూ అదే మెత్తదనం వచ్చింది. భయం అంటే నాకు ఆ రోజే తెలిసింది. ఫైలు నాది, తీసింది నేను, కోసి అతికింది నేను. అందులో ఏముందో నాకు తప్ప అందరికీ కనిపిస్తోంది. ఖాళీదని ముందే ఎరిగినవాళ్ళం నేనూ మురళీ ఇద్దరమే, ఇద్దరికే కనిపించడం లేదు. ఈ ముక్క చెబుదామని వెనక్కి తిరిగితే, మురళి కమలమ్మ పక్కన గొంతుక్కూర్చుని ఆమెను ఏదో అడుగుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

అప్పుడే తీసేద్దామన్నాను. వద్దనలేదు, సరేననీ అనలేదు, కొన్నాళ్ళు చూద్దామక్కా అన్నాడు. దేవసేనకు మాత్రం తెలియనివ్వకూడదని ఇద్దరం అనుకున్నాం. కడుపుతో ఉన్న మనిషి దీన్ని చూసి బెదిరిపోతే మోసం వస్తుంది. మురళి ఇంట్లో ఫోన్ జేబులోంచి తీయడం మానేశాడు.

దేవసేనకు తెలియలేదు గానీ వళ్ళియమ్మకు తెలిసిపోయింది. వీధిలో ఎవరో, మనవడు ముద్దుగా ఉన్నాడని చూపించారట. ఆ పెద్దామె ఒక్కతే తిరుత్తణిలో రైలెక్కి నా ఆఫీసుకు వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. నేనే తొందరపడి కంప్యూటర్ ఆమె వైపు తిప్పి, అది వట్టి గుడ్డేనని చెప్పడం మొదలుపెట్టాను.

ఆమె నా మాట వినడం లేదు. తెర వైపు చేయి చాపి, తగలకుండా ఆపింది.

"పోయినోడు," అంది. "నా చేతుల్తోనే గుడ్డలో చుట్టి ఇచ్చినా. ఆ మొకం నేను మర్సిపోతానా? మురళి చూడలేదు. కవరైపేట్టైలో షిఫ్టులో ఉణ్ణ్యాడు, వాడొచ్చేలోపల మట్టికిచ్చేసినారు. బిడ్డ ఎట్లుణ్ణ్యాడని నన్ను అడగను గూడా అడగలేదు."

చాలాసేపు చూసింది. ఏడుస్తూనే చూసింది. ఆ తర్వాత, ఖాళీదాన్ని ఊపితే ఎవరో ఒకరు వచ్చి పడుకుంటారనే కదా ఊపవద్దనేది అంది. వచ్చినవాడు మనవాడే కావచ్చు, కానీ రాబోయే బిడ్డకు జాగా కావాలి, తీసెయ్యమంది. తీసెయ్యమ్మా అని రెండోసారీ అంది.

నేను తీసేశాను. ఆ స్థానంలో మడతపెట్టిన గుడ్డ ఫోటో పెట్టాను. నా పనిలో ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నది ఇంకెప్పుడూ లేదు. ఆమెకు మంచినీళ్ళు ఇచ్చాను. తిరుగు రైలు కోసం ఆమె నా దగ్గరే కూర్చుని ఉండగా, అరగంటకు నా ఫోన్ మోగింది.

మురళి నంబరే గానీ మాట్లాడింది దేవసేన. ఆటోలో ఉన్నట్టుంది, చుట్టూ హారన్లు. ఆమె నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

"అక్కా, కొన్నాళ్ళుగా కడుపులో ఎవురో ఊపతా ఉన్నట్టు ఉండేది. నిదానంగా, నిలవకుండా. ఎవురికీ చెప్పలా, బాగుండాదని ఊరుకున్యా. ఇందాక నిలిచిపాయ. బిడ్డ కదల్లేదు. మీరేమైనా చేసినారేమో అడగమని ఈయన అంటాండాడు. మీరేం చేసినారు?"

వళ్ళియమ్మ నా మొహం చూసే సగం గ్రహించింది. మిగతా సగం చెప్పాను. ఇందాక తీసెయ్యమన్న ఆ మనిషే కుర్చీలోంచి లేచి నా భుజం పట్టుకుని ఊపేసింది. పెట్టెయ్, పెట్టెయ్ అంటూనే ఉంది. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. వీడియో పైకి ఎక్కుతుంటే తెర మీది గీత జరుగుతుందా లేదా అని ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఏ దేవుడికీ మొక్కని నేను కొండ మీద స్వామికి ఏమేమో మొక్కేశాను. పేజీ తెరుచుకుంది. తూళి ఊగడం మొదలుపెట్టింది.

ఆసుపత్రి గేటు దగ్గర, ఆటో దిగుతుండగా బిడ్డ తన్నిందని మురళి ఫోన్ చేసి చెప్పాడు. ఆ మాట చెబుతూనే ఏడ్చేశాడు.

అక్కడి నుంచి ఆ వెబ్‌సైట్‌ను నేను కాపలా కాసినట్టు ఇంకే పనినీ కాయలేదు. ఖర్చుకు చూడకుండా మంచి సర్వర్‌కు మార్చాను. అది ఆగితే ఇంకోటి అందుకునేలా రెండో కాపీ పెట్టాను. వాన పడి కరెంటు పోతే చీకట్లోనే ఫోన్‌లో పేజీ తెరిచేదాన్ని. అన్నం తింటూ చూసేదాన్ని, బస్సులో చూసేదాన్ని. నాకు కనిపించేది వట్టి గుడ్డే. అయినా ఊగుతూ ఉంటే చాలు. దేవసేనకు మేమే అంతా చెప్పాం. ఆమె బెదరలేదు. ఆ పేజీ మాత్రం ఒక్కసారి కూడా తెరవలేదట. చూస్తే వాణ్ణి వదల్లేను, దీన్ని కనలేను అందట.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. పేరు పెట్టిన తర్వాత నేను తిరుత్తణి వెళ్ళాను. బిడ్డ గట్టిది, ఏడిస్తే పక్కింటి పవర్‌లూమ్ చప్పుడు కూడా వినపడదు. దేవసేన నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. కాఫీ తాగాక అసలు మాట ఎత్తాను. ఇక భయం లేదు కదా, ఆ వీడియో తీసేసి, ఈ పిల్లను పడుకోబెట్టి కొత్తది తీద్దాం, పోయినవాణ్ణి ఇంకా జనం ముందు ఊపడం ఎందుకు అన్నాను. నిజానికి నాకే ఇక ఓపిక లేదు, ఆ గుడ్డ కలలోకి వస్తోంది. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాణ్ణే అడుగు అంది వళ్ళియమ్మ, కొట్టం వైపు చూపిస్తూ.

మురళి మగ్గం పక్కన నిలబడి ఉన్నాడు. కూతుర్ని భుజాన వేసుకుని, ఇంకో చేత్తో ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఎవరో ఆర్డరు కోసం చేసినట్టుంది. అతను సైజు అడగడం లేదు, అడ్రసు అడగడం లేదు. తల వెంట్రుకలు ఎట్లా ఉన్నాయమ్మా, ఉంగరాలు తిరిగాయా అని అడుగుతున్నాడు. కళ్ళు మూసుకుని వింటున్నాడు. చేయి బయటికి ఉందా, పిడికిలి బిగించాడా అని అడుగుతున్నాడు. కమలమ్మ పక్కన ఆ రోజు గొంతుక్కూర్చుని ఏం అడిగి ఉంటాడో నాకప్పుడు అర్థమైంది. నాకు దుఃఖం ఆగలేదు.

నా అలికిడికి కళ్ళు తెరిచాడు. నేను ఏమీ అడగకుండానే ఎందుకొచ్చానో తెలిసిపోయింది. ఫోన్‌ను ఛాతీకి అదిమి పెట్టుకున్నాడు.

"తియ్యొద్దక్కా," అన్నాడు. "కండ్లు ఎట్లుంటాయో ఇంకా ఎవురూ చెప్పలా. ఎప్పుడు చూసినా నిద్దరపోతానే ఉండాడంట. ఎవురికో ఒకరికి తెరిచి కనిపించడా?"

ఆ మాట అని, ఫోన్ మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు.