పంపు దగ్గర మనిషి

పొద్దున్నే ఒక గడ్డిమంట ఆర్పి వచ్చాక, ఫైరింజన్ వెనక ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, ఆయన మూడు చక్రం నట్లు ప్యాంటు జేబులో వేసుకున్నాడు. కుళాయి కింద తల పెట్టి, నుదురు చల్లబడేదాకా ఉంచి, తువ్వాలుతో గట్టిగా తుడుచుకున్నాడు. ఆ తర్వాతే నర్సు గది వైపు నడిచాడు.

మూడు నెలలుగా ఇదే వరస. ఎండలు ముదిరి, గడ్డి రెండు నెలలు ముందే ఎండిపోయింది. వారానికి ఒకటి వచ్చే పిలుపులు రోజుకు రెండు వస్తున్నాయి. అందుకని పైవాళ్లు కొత్త పద్ధతి పెట్టారు. మంట దగ్గరికి వెళ్లేముందు తూకం, వచ్చాక తూకం. మధ్యలో ఇరవై నిమిషాలకోసారి వచ్చి చల్లనీళ్ల తొట్టిలో మోచేతుల దాకా చేతులు ముంచాలి. చెమటకి బరువు మరీ తగ్గినవాళ్ల పేరు పక్కన నర్సు ఎర్రగీత గీస్తుంది. మూడు ఎర్రగీతలు పడ్డ పిల్లిమీసాలాయన్ని టెలిఫోన్ గదికి మార్చేశారు. ఆయనదీ, అందరూ పంపు బాబాయి అని పిలిచే ఈయనదీ ఒకటే ఈడు.

"ఎండ నిజమే. ఎండ పేరు చెప్పి ముసలాళ్లని ఏరేయడం కూడా నిజమే" అన్నాడు ఆ పొద్దున భార్యతో.

ఆవిడ నవ్వింది. కాచిన పాలు కూడా వాసన చూసి తాగే మనిషి ఆయన. తాళం వేసి మూడుసార్లు లాగి, వీధి చివరిదాకా పోయి, మళ్లీ వచ్చి లాగే మనిషి. "అలా పీకితే ఏదో ఒకరోజు తాళమే ఊడొస్తుంది" అనేది.

ఆ అనుమానమే ఆయనకి అన్నం పెట్టింది. ఇరవయ్యారేళ్ల ఉద్యోగంలో ఒక్కసారీ మంటలోకి వెళ్లలేదు. బండి పక్కన, ఇంజను వేడిలో, మీటరు ముల్లు మీద కళ్లు పెట్టి నిలబడటమే పని. గొట్టం పట్టుకుని లోపలికెళ్లినవాళ్లకి నీళ్లు ఆగకూడదు. ముల్లునీ నమ్మేవాడు కాదు, మధ్యమధ్య అరచేత్తో గొట్టాన్ని తడిమి చూసేవాడు. ఆఫీసులో తగిలించిన ఫొటోలన్నిటిలో చివరాఖరున, బండి తలుపు చాటున, సగం భుజం కనిపిస్తుంది. అది ఆయనది.

తూకం ఎక్కగానే జేబు గల్లుమంది.

"బాబాయ్, ఏంటది?" అంది నర్సు.

"తాళాలు."

"తీయండి, చూద్దాం."

నట్లు బల్ల మీద పెట్టాడు. ఆమె వాటిని చూసింది, ఆయన్ని చూసింది, పుస్తకం మూసేసింది.

"నాకు ముందే అనుమానం. కుర్రాళ్లు కిలోన్నర తగ్గి వస్తున్నారు. మీరు మూడు నెలల్లో పావుకిలో తగ్గలేదు."

"నాది గట్టి ఒళ్లమ్మా."

"పంపు దగ్గర ఇంకో మనిషిని ఇవ్వమని, పైన నీడ వేయించమని రాశాను బాబాయ్. అక్కడున్నాయనకి చెమటే పట్టట్లేదు, ఇంకెందుకని తిప్పి పంపారు. రేపట్నుంచైనా నిజం తూకం ఇవ్వండి. ఇవాళ్టిది నేను రాయను."

ఆయన బయటికొచ్చి బండి నీడలో నిలబడ్డాడు. ఎందుకు రాయదు? ఊరికే ఎవరు వదిలేస్తారు? ఇంకో మనిషంటే ఎవరు? పక్కన నిలబడి పని నేర్చుకునేవాడు. నేర్చుకున్నాక? టెలిఫోన్ గదిలో రెండో కుర్చీ ఖాళీగానే ఉంది.

మధ్యాహ్నం అన్నం సగంలో ఉండగా గంట మోగింది. గడ్డి అంటుకుని, పక్కనున్న పాత టైర్ల గోదాముకి పాకింది. లోపల కాపలావాడు చిక్కుకున్నాడు. వెంట వచ్చిన నర్సు తొట్టి నింపి పెట్టింది. కుర్రాళ్లు గొట్టం పట్టుకుని వంతులవారీగా లోపలికి వెళ్లారు.

గంట దాటింది. బాబాయి చొక్కా ఆరిపోయింది. అంత ఎండలో ఆయనకి భుజాల మీద చలి పుట్టింది. చెమట ఆగి చలేస్తే ప్రమాదమని నర్సు గోడ మీద కాగితం అంటించింది. బెదిరించడానికి పెట్టిన కాగితమనుకున్నాడు ఇన్నాళ్లూ.

"బాబాయ్! మీ వంతు, రండి!" తొట్టి దగ్గర్నుంచి ఆమె కేక.

పంపు ఎవరికి అప్పగించాలి? అటూ ఇటూ చూశాడు. ఇంకో మనిషి ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది.

"వస్తున్నా... వాళ్లని బయటికి రానీ" అన్నాడు. నాలుక మడతపడింది. ఇంజను మోతలో ఆమెకి మాట వినబడలేదు. ఆయన ఎత్తిన చెయ్యి మాత్రం కనబడింది, వస్తున్నాడనుకుంది. అప్పుడే బయటికొచ్చిన కుర్రాడొకడు కూలబడితే అటు పరిగెత్తింది.

నీళ్లు ఒక్క క్షణం ఆగలేదు. తర్వాత అందరూ అదే చెప్పారు. కాపలావాణ్ణి భుజాన వేసుకుని వచ్చేదాకా గొట్టంలో ఊపు తగ్గలేదు. మంట ఆరాక "బాబాయ్, కట్టెయ్!" అని అరిచారు. కట్టలేదు. మళ్లీ అరిచారు. వచ్చి చూస్తే చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు, ఒక అరచెయ్యి గొట్టం మీదే ఉంది. నర్సు ఒళ్లంతా నీళ్లు గుమ్మరించింది. ఛాతీ నొక్కింది. అంబులెన్సు వచ్చి, ఇక లాభం లేదని వాళ్లు చెప్పాక కూడా, ఆయన చెయ్యి తొట్టిలో ముంచి పట్టుకునే ఉంది.

సాయంత్రం పుస్తకంలో ఆయన వరసలో రాసింది: "ఈ అంకెలు తప్పు. తప్పని నేను అనుమానపడుతూనే ఉన్నాను." ఆ పేజీ పైకి పంపింది.

పదో రోజుకి ప్రతి పంపు దగ్గరా ఇద్దరు మనుషులు, తలమీద గుడారం గుడ్డ వచ్చాయి. పిల్లిమీసాలాయన చూసి, "ఒకడి మీద ఒకడికి నిఘా కాబోలు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

బూట్ల అర కింద బాబాయి చివరిరోజు ఇంటినుంచి వేసుకొచ్చిన చెప్పులు అలాగే ఉన్నాయి. ఎవరూ ఎత్తుకుపోకుండా రెండింటినీ సన్నటి ఇనుప తీగతో కలిపి కట్టాడు, ముడి కనబడకుండా లోపలివైపుకి తిప్పి.