తొమ్మిది ముక్కల గడి

హరిబాబు కొబ్బరి చెట్టు మీంచి పడింది శ్రావణమాసం మొదటివారంలో. ముక్తేశ్వరం చుట్టుపక్కల అతను చెట్టెక్కని తోట లేదు. ఇరవై రెండేళ్ళుగా కొబ్బరికాయల దింపు పనే అతని బతుకుతెరువు. ఆరోజు వానకి మాను నానివుంది. సగం దూరం ఎక్కాక కాలు జారింది. తొడ ఎముక విరిగింది. అమలాపురంలో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. మూడు నెలలు కుడికాలు నేల మీద మోపొద్దని చెప్పి ఇంటికి పంపేశారు.

మంచం వసారాలో వేశారు. పక్కనే అతని భార్య వీరదుర్గ కుట్టుమిషను. ఆమె ఊళ్ళోవాళ్ళకి జాకెట్లు కుడుతుంది. పెళ్ళిళ్ళూ వ్రతాలూ కలిసొచ్చిన నెల కావడంతో ఆమెకు తలెత్తే తీరిక లేదు. హరిబాబుకేమో చెయ్యడానికి ఏమీ లేదు. ఒక వారం టీవీ చూశాడు. రెండో వారం పైకప్పు చూశాడు. మూడో వారానికి మిషను చప్పుడు ఎక్కువైందనీ, టీ చల్లారిపోయిందనీ విసుక్కోవడం మొదలుపెట్టాడు.

“ఊరికే ఉండలేకపోతే ఈ హుక్కులు కుట్టిపెట్టండి,” అంది వీరదుర్గ ఒకరోజు.

“ఆడాళ్ళ జాకెట్లకి నేను హుక్కులు కుట్టాలా?” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ మర్నాడే హైస్కూల్లో లెక్కలు చెప్పే స్టెల్లా టీచరు వచ్చింది. ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. చిన్న చిన్న చదరపు ముక్కలు, అడ్డంగా మూడు, నిలువుగా మూడు, కలిపి కుట్టిన గడి. అలాంటివి పన్నెండు గడులు జత చేస్తే ఒక బొంత.

“మా చెల్లికి పాప పుట్టిందండి. పక్క మీదకి ఇలాంటిది కుట్టిపెడతారేమోనని.”

“ముక్కల పని అంటే చాలా టైము పడుతుందండి. ఈ సీజన్లో నావల్ల కాదండి,” అంది వీరదుర్గ.

మంచం మీంచి హరిబాబు తల తిప్పాడు. “ఎప్పటికి కావాలండి?”

“క్రిస్మస్ లోపు ఇచ్చినా చాలండి.”

“ఆయ్. అయితే కుట్టిపెడతామండి.”

టీచరు వెళ్ళాక వీరదుర్గ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. “ఎవరు కుడతారండీ ఇప్పుడది?”

“మిషను కింద సంచీ నిండా ముక్కలున్నాయి. నాకు చేతులున్నాయి,” అన్నాడు హరిబాబు.

శుభలేఖ అట్టని నాలుగంగుళాల చదరంగా కత్తిరించి ఇచ్చిందామె. దాన్ని గుడ్డ మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, గీత వెంట కత్తిరించాలి. ఐదు నీలం, నాలుగు పసుపు. గెల కాడని ఒక్క వేటుకి తెగ్గొట్టే చెయ్యి, కత్తెర పట్టుకునేసరికి గీత తప్పింది. రెండో రోజు సాయంత్రానికి తొమ్మిది ముక్కలూ ఒకదానికొకటి అతికాయి. ఎత్తి చూస్తే అది చదరంగా లేదు, గాలికి ఒరిగిన కిటికీ రెక్కలా ఉంది. మధ్య ముక్క నాలుగు మూలల్లో ఒక్కటీ పక్క ముక్కలతో కలవలేదు.

“ప్రతి అంచూ పావంగుళం కుట్టులోకి పోవాలండి,” అంది వీరదుర్గ. “మీరు ఒకచోట పావు తీసుకున్నారు, ఒకచోట అర తీసుకున్నారు.”

అతను కుట్లన్నీ విప్పేశాడు. మళ్ళీ కుట్టాడు. ఈసారి మూడు మూలలు కలిశాయి.

ఆ పనిలో ఉండగానే, అతనితో కలిసి చెట్లెక్కే శ్యామ్ బాబు అరటిపళ్ళు పట్టుకుని పలకరించడానికి వచ్చాడు. హరిబాబు చేతిలో గుడ్డని గబుక్కున తొడ కింద దాచాడు. సూది దిగబడింది. అతను పెట్టిన కేకకి శ్యామ్ బాబు హడలిపోయి, “వదినా, ఎముక మళ్ళీ ఇరిగింది!” అని అరిచాడు. వీరదుర్గ పరుగెత్తుకొచ్చి భర్తని పక్కకి ఒత్తిగిల్లజేసింది. ఎడమ తొడకి అంటుకుని నీలం, పసుపు ముక్కలు బయటపడ్డాయి.

శ్యామ్ బాబు చూశాడు. నోరు నొక్కుకున్నాడు. ఆగలేక నవ్వేశాడు.

సాయంత్రానికి సెంటర్లో టీకొట్టు దగ్గర అదే మాట. హరిబాబు రెండు రోజులు సూది ముట్టలేదు.

మూడో రోజు పక్కనున్న సూదీ దారాల డబ్బా మూత తీశాడు. తను కుట్టిన గడి పైనే ఉంది. నాలుగు మూలలూ చక్కగా కలిశాయి. వెనక్కి తిప్పితే గీత గీసినట్టు మిషను కుట్టు.

“ఎవరు కుట్టేరిది?”

వీరదుర్గ మిషను ఆపింది. “నిన్న మధ్యాహ్నం మీరు నిద్రోతున్నప్పుడు నేనే ఇప్పి కుట్టేనండి. మీరు మానేసేరు కదా. టీచరు గారికి మాటిచ్చేం.”

“నేను దించిన గెలని ఇంకెవడన్నా మళ్ళీ చెట్టుకి కట్టి దించుతాడా?”

“దానికీ దీనికీ ఏంటండి పోలిక?”

“నా పనిలో నువ్వు చెయ్యెందుకు పెట్టాలి? రేపు కాలు బాగై చెట్టెక్కేక ఈ ముక్కలన్నీ నువ్వే కుట్టుకో. అందాకా దీని జోలికి రాకు.”

ఆమె మిషను మీద సగం కుట్టిన జాకెట్టు తీసి మడతపెట్టింది. “మీరింక చెట్టెక్కలేరండి,” అంది. “డాక్టరు గారు చెప్పేరు. నడుస్తారుట. సైకిలు తొక్కుతారుట. చెట్టు మాత్రం కుదరదన్నారు.”

“ఎప్పుడు చెప్పేరు?”

“ఆపరేషను అయిన రోజే.”

హరిబాబు వీధిలోకి చూశాడు. ఎదురింటి వాళ్ళ కొబ్బరిచెట్టుకి గెలలు ముదిరి ఉన్నాయి. ఎవరో వచ్చి దింపుతారు. తనింక చెట్టెక్కలేడన్న సంగతి అతనికి ఆస్పత్రిలోనే లోలోపల తెలుసు. డాక్టరు తనతో మాట్లాడుతూ కళ్ళు కాగితం మీదే ఉంచినప్పుడు తెలిసింది. ఇంతకాలం ఎవరూ పైకి అనలేదు, అంతే.

“నువ్వు తిన్నావా?” అని అడిగాడు కాసేపటికి.

“ఇంకా లేదండి.”

“తినిరా.”

ఆమె లోపలికి వెళ్ళాక గడిని ఒళ్ళో పెట్టుకుని, బ్లేడుతో మిషను కుట్టు ఒక్కొక్క పోగూ తెంపాడు. గుడ్డ చిరక్కుండా తొమ్మిది ముక్కలూ విడదీసేసరికి చీకటి పడింది. మర్నాడు పొద్దున్నే ముక్కల వెనక, అంచుకి పావంగుళం లోపల, స్కేలుతో పెన్సిల్ గీత గీసుకున్నాడు. ఆ గీత మీదే సూది నడిపాడు. ఇది వీరదుర్గ కూడా చెప్పలేదు. తనకే తట్టింది. మూలలు కలిశాయి. భార్యకి చూపించలేదు. డబ్బాలో పెట్టి రెండోది మొదలుపెట్టాడు.

కార్తీకమాసం వచ్చేసరికి చేతికర్రతో వీధి చివరిదాకా నడిచాడు. పన్నెండు గడులూ అప్పటికే పూర్తయ్యాయి. వాటిని వీరదుర్గ మిషను మీద జత చేసి, వెనకాల పాత నేతచీర వేసి కుట్టింది. అదొక్కటీ ఆమెని చెయ్యనిచ్చాడు.

స్టెల్లా టీచరు బొంతని మంచం మీద పరిచి, ఒక్కో గడినీ వేలితో తడుముతూ చూసింది. “చాలా బాగా కుట్టేరండి వీరదుర్గ గారూ,” అంది.

“నేను కాదండి. ఈయన,” అంది వీరదుర్గ.

టీచరు అతనివైపు తిరిగింది.  పలకరించడానికి వచ్చి వెనకే నిలబడ్డ శ్యామ్ బాబు ఈసారి నవ్వలేదు. టీచరు వెళ్ళాక మంచం అంచున కూర్చుని, కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, “మా పిల్లదానికి ఈ మాసంలోనే సీమంతం రా,” అన్నాడు.

“ఏ రంగులు కావాలో అడిగిరా,” అన్నాడు హరిబాబు. “నైలాన్ గుడ్డలు మాత్రం తేకు. జారిపోతాయి, గీత నిలవదు.”